చలికాలంలో బండి మీద దూరం పోయేవాళ్లకు: దేనికి డబ్బు పెట్టాలి, దేనికి అక్కర్లేదు

ధనుర్మాసంలో తెల్లవారుజామున తిరుపతిలో బండి తీస్తే ఊరు దాటేదాకా చలి అనిపించదు. చంద్రగిరి దాటి, భాకరాపేట ఘాటు ఎక్కి, పీలేరు మీదుగా మదనపల్లె చేరేసరికి వేళ్లు క్లచ్చు లివరు మీద ఉన్నాయో లేదో చేతికే తెలియదు. చిత్తూరు వాళ్లకు ఇదే అనుభవం మొగిలి ఘాటు దాటి పలమనేరు చేరేలోపు ఎదురవుతుంది. కారణం సులువే. తిరుపతి సముద్రమట్టానికి 160 మీటర్ల ఎత్తులో ఉంటే మదనపల్లె 700 మీటర్ల దగ్గర, హార్సిలీ హిల్స్ 1,265 మీటర్ల ఎత్తున ఉన్నాయి. వెయ్యి మీటర్లు పైకి పోతే సగటున ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కింద 18 ఉంటే కొండ మీద 11, 12 అన్నమాట.

దీనికి బండి వేగం తోడవుతుంది. పది డిగ్రీల చలిలో గంటకు 60 కిలోమీటర్ల గాలి ఒంటికి తగిలితే అది 5 డిగ్రీల చలిలా ఉంటుంది. ఐదు డిగ్రీల్లో అదే వేగంతో పోతే సున్నాకు రెండు డిగ్రీలు కిందకి పోయినట్టు. ఇంకోటి, మన చలికాలం పొడి చలికాలం కాదు. నవంబరు, డిసెంబరు మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. తడి బట్ట మీద గాలి కొడితే ఎంత దళసరి స్వెట్టరైనా పనిచేయదు. అందుకే మందమైన బట్ట వెతకడం కన్నా గాలినీ నీళ్లనూ ఆపే పొర వెతకడం మేలు. ఈ ఒక్క మాట పట్టుకుంటే సగం డబ్బు మిగులుతుంది.

ముందు మీ దారి ఏదో తేల్చుకోండి

బట్టలైనా బండి పనైనా దారిని బట్టే. మైదానంలో పోయే దారి ఒకటి: తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా నెల్లూరు వైపు. ఇక్కడ చలి తక్కువ, వాన ఎక్కువ. రెండోది పీఠభూమి దారి: పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా బెంగుళూరు, లేదా మదనపల్లె మీదుగా హార్సిలీ హిల్స్. ఇక్కడ చలి, పొగమంచు రెండూ ఉంటాయి. మూడోది నిజమైన చలి దారి: చిత్తూరు నుంచి వేలూరు, కృష్ణగిరి, సేలం మీదుగా ఊటీ. ఊటీ 2,200 మీటర్ల పైన ఉంది, జనవరి రాత్రుల్లో గడ్డి మీద మంచు గడ్డకట్టే రోజులుంటాయి. మొదటి దారికి మంచి రైన్‌కోటు, ఒక గ్లౌజుల జత చాలు. మూడో దారికి కింద మేలని చెప్పినవన్నీ కావాలి. రెండో దారి వాళ్లే ఎక్కువ తప్పు చేస్తారు. బెంగుళూరే కదా, మామూలు జర్కిన్ చాలని బయల్దేరతారు.

ఒంటి మీద: జర్కినా, రైడింగ్ జాకెట్టా, పొరలా?

ఇంట్లో ఉండే మామూలు రెక్సిన్ జర్కిన్ గాలిని బాగానే ఆపుతుంది. దాని లోపం రెండు చోట్ల: మెడ దగ్గర, మణికట్టు దగ్గర. ఆ రెండు సందుల్లోంచి దూరిన గాలి వీపు దాకా పోతుంది. మెడకు బిగుతుగా పట్టే గుడ్డ, జర్కిన్ చేతుల కొసలను కప్పే గ్లౌజులు ఉంటే రెక్సిన్ జర్కిన్ పీఠభూమి దారికి చాలు. అయితే కింద పడితే అది ఒంటిని కాపాడదు, తారు మీద రాసుకోగానే చిరుగుతుంది.

రైడింగ్ జాకెట్లలో మెష్ రకం (గాలి ఆడే జాలీ గుడ్డ) మనవాళ్లు ఎక్కువ కొంటారు, ఎండాకాలానికి అదే మంచిది కాబట్టి. దానితో లోపల వేసుకునే వాన లైనరు, వెచ్చదనం లైనరు ఇస్తారు. కాగితం మీద అన్ని కాలాలకూ సరిపోయేలా కనిపిస్తుంది. వాడకంలో ఒక చిక్కుంది. వాన లైనరు లోపల ఉంటుంది కాబట్టి బయటి మెష్, ప్యాడ్లు అన్నీ తడిసి నీళ్లు పీల్చుకుంటాయి. ఆ తడి ఆరుతూ ఒంట్లోని వేడిని లాగేస్తుంది. లైనరు లోపల మీ చొక్కా పొడిగానే ఉంటుంది, మీరు మాత్రం వణుకుతుంటారు. పైగా దారి మధ్యలో వాన మొదలైతే జాకెట్ విప్పి లోపల లైనరు తగిలించాలి, అంటే ఆ రెండు నిమిషాలూ తడవాల్సిందే.

అందుకే మెష్ జాకెట్ ఉన్నవాళ్లకు మా సలహా: లోపలి వాన లైనరు ఇంట్లో పెట్టేసి, జాకెట్ పైన వేసుకునేలా ఒక సైజు పెద్ద రైన్‌కోటు కొనండి. ప్యాంటు, కోటు విడిగా ఉండేది, కుట్ల మీద లోపలివైపు టేపు అతికించినది. వాన లేకపోయినా తెల్లవారుజామున దాన్నే గాలి అడ్డుగా వేసుకోవచ్చు, ఎండ ఎక్కాక మడిచి బ్యాగులో పెట్టేయొచ్చు. వెచ్చదనం లైనరు మాత్రం లోపలే ఉంచండి. పోంచో తరహా వదులు రైన్‌కోటు వద్దు, గాలికి బెలూనులా ఉబ్బి బండిని పక్కకు లాగుతుంది.

అన్ని కాలాల టెక్స్‌టైల్ జాకెట్ చలికి మెష్ కన్నా మెరుగే. కానీ ఏడాదిలో తొమ్మిది నెలలు ఎండ కాసే తిరుపతిలో అది బీరువాలోనే ఉంటుంది. ఏటా ఊటీ, కూర్గు, ఉత్తరాది పోయేవాళ్లు తప్ప మిగతావాళ్లు దానికి డబ్బు పెట్టనక్కర్లేదు. లెదరు గాలినీ రాపిడినీ రెంటినీ ఆపుతుంది. తడిస్తే మాత్రం బరువెక్కుతుంది, ఆరడానికి రెండు రోజులు, సరిగ్గా ఆరకపోతే బూజు. మన వానల చలికాలానికి లెదరు రెండో ఎంపికే. ఏ జాకెట్టయినా మోచేతులు, భుజాల ప్యాడ్ల మీద ఈఎన్ 1621-1 (యూరప్ భద్రతా ప్రమాణం) అని, వీపు ప్యాడు మీద ఈఎన్ 1621-2 అని ముద్ర ఉందో లేదో చూడండి. చాలా జాకెట్లలో వీపు దగ్గర పెట్టేది ఉత్త స్పాంజి ముక్క.

లోపలి పొరల్లో అందరూ చేసే తప్పు కాటన్ బనియన్. ఘాటులో బండి తిప్పుతుంటే, టీకొట్టు దగ్గర నిలబడితే చెమట పడుతుంది. కాటన్ దాన్ని పట్టుకుని వదలదు, తర్వాత గాలికి అదే మంచుముద్ద అవుతుంది. దాని బదులు ఒంటికి అతుక్కునే పాలిస్టర్ థర్మల్ వేసుకోండి. ఆటలాడేవాళ్లు వేసుకునే పాలిస్టర్ టీ షర్టు కూడా పనికొస్తుంది. దాని మీద ఫ్లీసో, ఉన్ని స్వెట్టరో. స్వెట్టరు ఒక్కటే పైన వేసుకుని బండి నడిపితే జల్లెడలోంచి పోయినట్టు గాలి పోతుంది, దాని పైన గాలిని ఆపే పొర ఉంటేనే అది వెచ్చన. ఒకటే దళసరి జాకెట్ కన్నా పల్చటి మూడు పొరలు మేలని చెప్పడానికి ఇంకో కారణం ఉంది. పొద్దున ఆరింటికి 14 డిగ్రీలు, పదకొండింటికి 27 డిగ్రీలు ఉండే చోట ఒక్కో పొర తీసుకుంటూ పోవచ్చు.

దారిలో అనుకోకుండా చలి పెరిగితే దినపత్రిక కొని నాలుగు మడతలు పెట్టి ఛాతీ మీద, జాకెట్ లోపల పెట్టుకోండి. నవ్వొచ్చే సలహాలా ఉంటుంది గానీ కాగితం గాలిని చాలా బాగా ఆపుతుంది. తడిస్తే మార్చాలి, అంతే.

విండ్‌షీల్డు పెట్టించాలా అని చాలామంది అడుగుతారు. ఛాతీకి తగిలే గాలిలో పెద్ద భాగం అది మళ్లిస్తుంది, జాకెట్ మీద పెట్టే డబ్బులో కొంత మిగులుతుంది కూడా. కాకపోతే ఎత్తు సరిపోకపోతే గాలి నేరుగా హెల్మెట్ మీద కొట్టి తల ఊగుతుంది. పై అంచు మీ గడ్డం ఎత్తుకు కాస్త కింద ఉండేలా చూసుకోండి, అద్దంలోంచి కాకుండా అద్దం మీదుగా రోడ్డు కనపడాలి. పొగమంచులో మచ్చలు పడిన విండ్‌షీల్డులోంచి చూడటం కన్నా పెద్ద ప్రమాదం లేదు.

చేతులు

చలిలో ముందు ఓడిపోయేది వేళ్లే. ఒళ్లు చల్లబడుతుంటే గుండె, ఊపిరితిత్తుల వేడి కాపాడుకోవడానికి శరీరం చేతులకూ కాళ్లకూ రక్తం తగ్గిస్తుంది. అందుకే ఛాతీకి గాలి తగులుతుంటే ఎంత మంచి గ్లౌజులైనా వేళ్లు మొద్దుబారతాయి. గ్లౌజులు పనిచేయడం లేదని తిట్టుకునేవాళ్లలో చాలామందికి అసలు లోపం జాకెట్ జిప్పు దగ్గర ఉంటుంది.

రంధ్రాల సమ్మర్ గ్లౌజులు తెల్లవారుజామున గ్లౌజులు లేనట్టే. దళసరి చలికాలపు గ్లౌజులు వెచ్చగా ఉంటాయి గానీ మరీ లావుగా ఉంటే బ్రేకు లివరు మీద పట్టు తెలియదు. కొనేముందు వేసుకుని ఇండికేటరు స్విచ్చు నొక్కి చూడండి, అందకపోతే ఇంకోటి చూడండి. బిగుతుగా ఉన్నవి కూడా వద్దు, వేలి కొన దగ్గర కాస్త ఖాళీ లేకపోతే వెచ్చటి గాలి నిలవదు, రక్తమూ సరిగా ఆడదు.

పీఠభూమి దారికి తక్కువ ఖర్చులో పనయ్యే పద్ధతి ఉంది. మందుల షాపులో దొరికే నైట్రైల్ గ్లౌజులు ఒక జత లోపల, మామూలు లెదరు గ్లౌజులు పైన. గాలీ వానా రెండూ ఆగుతాయి. లోపల చెమట పడుతుంది కాబట్టి రెండు గంటలకోసారి విప్పి మార్చాలి, నాలుగైదు జతలు జేబులో ఉంచుకోండి. ఇంకో దారి హ్యాండిల్‌కు తగిలించే నకిల్ గార్డులు. గాలి నేరుగా వేళ్ల మీద పడకుండా ఆపుతాయి, బండి పడితే లివర్లు విరగకుండానూ కాపాడతాయి. ఒకసారి పెట్టిస్తే ప్రతి చలికాలానికీ వస్తాయి కాబట్టి ఖరీదైన గ్లౌజుల కన్నా ముందు వీటికే మా ఓటు. పెట్టించాక హ్యాండిల్ రెండువైపులా పూర్తిగా తిప్పి చూడండి, ట్యాంకుకో కేబుల్‌కో తగులుతుంటే బిగింపు మార్చాలి.

కరెంటుతో వెచ్చబడే గ్రిప్పులు మన కమ్యూటర్ బండ్లకు పనికిరావు. ఒక జత 30 నుంచి 40 వాట్లు లాగుతుంది. హెడ్‌లైటు, ఫోను చార్జరుతో కలిపితే 100, 125 సీసీ బండి ఉత్పత్తి చేసేది చాలక బ్యాటరీ మెల్లగా ఖాళీ అవుతుంది, ఆ సంగతి మరుసటి పొద్దున సెల్ఫ్ కొడితే తెలుస్తుంది. 350 సీసీ, ఆ పైన బండ్లయినా రిలే పెట్టి, ఇగ్నిషన్ ఆపితే కరెంటు ఆగేలా వైరింగ్ చేయించాలి. సొంత బ్యాటరీ ఉన్న హీటెడ్ గ్లౌజులు రెండు నుంచి నాలుగు గంటలు వస్తాయి. లడఖ్‌కో స్పితికో పోయేవాళ్లు ఆలోచించాలి గానీ మన ప్రయాణాలకు అది అనవసరపు ఖర్చు.

మోకాళ్లు, పాదాలు, తల

మోకాలి గార్డులు దెబ్బకే కాదు, చలికీ ఉపయోగం. గాలి నేరుగా కొట్టేది అక్కడే. కాళ్లకు బూట్లు, లోపల ఒక జత సాక్సు, దాని మీద ప్లాస్టిక్ కవరు, దాని మీద ఇంకో జత సాక్సు. బూటు బిగుతైపోతే రెండో సాక్సు మానేయండి, బిగుతు బూటు లోపల పాదం ఇంకా త్వరగా చల్లబడుతుంది.

ఉన్ని మంకీ క్యాపు హెల్మెట్ లోపల వేసుకోవద్దు. హెల్మెట్ తలకు సరిగా కూర్చోదు, గంటలో నొసలు నొప్పెడుతుంది. దాని బదులు పల్చటి బాలక్లావా (తల, మెడ కప్పే బిగుతు ముసుగు) చాలు. మఫ్లరు కట్టుకుంటే కొసలు జాకెట్ లోపల దోపుకోవాలి. వేలాడే కొస వెనక చక్రంలోనో చైనులోనో పడిందంటే మెడకే ముప్పు.

వైజరు మసకబారడం అసలు పెద్ద సమస్య. మీ ఊపిరిలోని తేమ చల్లటి అద్దానికి తగిలి నీటి బిందువులవుతుంది. పిన్‌లాక్ అనే లోపలి పలక పెట్టుకునే వైజరు ఉంటే అదే మేలైన ఎంపిక, రెండు పలకల మధ్య గాలి నిలిచి లోపలి పలక చల్లబడదు. అది మీ హెల్మెట్ మోడలుకు దొరకకపోతే గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క వేలితో వైజరు లోపలివైపు రాసి, పొడి మెత్తటి గుడ్డతో మెరిసేదాకా తుడవండి. ఒక పూట పనిచేస్తుంది. పిన్‌లాక్ పలక మీద మాత్రం ఇది రాయొద్దు, పాడవుతుంది. నల్లద్దం వైజరుతో రాత్రి, పొగమంచులో నడపొద్దు. దూరం పోయేటప్పుడు ఒక తెల్లది మీ దగ్గర ఉండాలి.

బండి: చలికాలానికి ఆయిలు మార్చాలా?

చలికాలానికి పలచటి ఆయిలు పోయించమని చెప్పేవాళ్లున్నారు. ఆయిలు డబ్బా మీద 10డబ్ల్యూ-30 అనో 20డబ్ల్యూ-50 అనో ఉంటుంది. డబ్ల్యూ ముందున్న అంకె గట్టి చలిలో ఇంజను తిరగడానికి సంబంధించినది. 10డబ్ల్యూ ఆయిలును పరీక్షించేది సున్నాకు 25 డిగ్రీల కింద, 20డబ్ల్యూను 15 డిగ్రీల కింద. ఊటీలో కూడా ఆ చలి రాదు. కాబట్టి చలి పేరుతో గ్రేడు మార్చడంలో అర్థం లేదు, బండితో వచ్చిన పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే. పుస్తకంలో ఉన్న దానికన్నా పలచన ఆయిలు పోస్తే మధ్యాహ్నం ఎండలో హైవే మీద లోడుతో పోయేటప్పుడు ఆయిలు పొర చాలక శబ్దం పెరుగుతుంది.

మినరలా, సింథటికా అంటే: చలి కోసం అయితే మినరల్ చాలు. సింథటిక్ ఎక్కువ కిలోమీటర్లు నిలుస్తుంది, వేడికి త్వరగా పాడవదు, అది వేరే సంగతి. రెంటికన్నా ముఖ్యం డబ్బా మీద జాసో (జపాన్ ఆయిలు ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 ముద్ర. మన మోటారు సైకిళ్ల క్లచ్చు ప్లేట్లు ఇంజను ఆయిల్లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిలు పోస్తే అందులోని జారుడు రసాయనాలకు క్లచ్చు జారుతుంది, ఘాటు ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తుంది, బండి కదలదు. గేర్లు లేని స్కూటర్లకు మాత్రం ఎంబీ ముద్ర.

ఆయిలు మార్పు ప్రయాణం మధ్యలో రావాల్సి ఉంటే ముందే మార్చేయండి, కానీ బయల్దేరే ముందురోజు సాయంత్రం కాదు. కనీసం వారం ముందు. డ్రెయిన్ బోల్టు కింద వాషరు కొత్తది వేయకపోతే చెమ్మగా కారడం వంద కిలోమీటర్లు తిరిగాకే బయటపడుతుంది. ఆయిలుకే కాదు, బండికి చేసే ఏ పనికైనా ఇదే నియమం: మెకానిక్కు చేయి పడిన బండిని వంద కిలోమీటర్లు ఊళ్లో తిప్పాకే దూరం తీసుకెళ్లాలి.

లిక్విడ్ కూలింగ్ ఉన్న బండి అయితే రేడియేటరులో ఉత్త నీళ్లు ఉంటే తీయించి కూలెంటు పోయించండి. గడ్డకట్టడం కన్నా లోపల తుప్పు పట్టడమే మన దగ్గర అసలు బెడద.

చైను: గేర్ ఆయిలా, స్ప్రేనా?

పొగమంచులో మూడు గంటలు నడిపితే చైను చిన్న వానలో తడిసినట్టే. చలికాలంలో చైను ఎర్రబడటానికి కారణం అదే. ఎండాకాలం 500 కిలోమీటర్లకోసారి రాసేవాళ్లు ఇప్పుడు 300, 400కే రాయాలి.

90 నంబరు గేర్ ఆయిలు చవక, లింకుల లోపలికి బాగా దిగుతుంది, తుప్పు పట్టనివ్వదు. ఎక్కువ రాస్తే చిమ్మి వెనక రిమ్మును, మీ ప్యాంటును పాడుచేస్తుంది, దుమ్ము పట్టేస్తుంది. చైన్ స్ప్రే చిమ్మదు, శుభ్రంగా ఉంటుంది, దారిలో వాడటం సులువు. కాకపోతే రాసిన వెంటనే బయల్దేరితే సగం ఎగిరిపోతుంది, దానిలోని ద్రావకం ఆరడానికి అరగంట కావాలి. ఇంట్లో గేర్ ఆయిలు, దారిలో చిన్న స్ప్రే డబ్బా: చాలామందికి ఇదే సరైన జోడీ. ఇంజనులోంచి తీసిన పాత ఆయిలు రాయడం మన దగ్గర బాగా అలవాటు. అందులో ఇనుప పొడి, మసి ఉంటాయి. చైనును అది ఉప్పుకాగితంలా అరగదీస్తుంది, మానేయండి.

రాసే పద్ధతి: బండిని మెయిన్ స్టాండు వేసి న్యూట్రల్‌లో పెట్టండి. కిరసనాయిలులో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో మురికి తీసి గుడ్డతో తుడవండి. పెట్రోలు వద్దు, ఓ-రింగు చైన్లలో రబ్బరు ఉబ్బి పగులుతుంది. తర్వాత చక్రాన్ని చేత్తో తిప్పుతూ కింది వరస లోపలివైపు రాయండి. తిరిగే చక్రం ఆయిలును బయటివైపు తోస్తుంది కాబట్టి లోపల రాస్తేనే లింకుల్లోకి పోతుంది. ఇంజను ఆన్ చేసి గేరులో పెట్టి రాయడం వేళ్లు పోగొట్టుకునే పద్ధతి. రాత్రి ఊరు చేరగానే, చైను వేడిగా ఉన్నప్పుడే రాస్తే పొద్దుటికి ఇంకిపోతుంది.

బిగుతు కూడా చూడండి. చైను కింది వరస మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడిస్తే చాలా కమ్యూటర్ బండ్లకు 20 నుంచి 30 మి.మీ. ఆట ఉండాలి, మీ బండి అంకె పుస్తకంలోనో స్వింగ్ ఆర్మ్ స్టిక్కరు మీదో ఉంటుంది. చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల చూసి, అన్నిటికన్నా బిగుతుగా ఉన్న చోట కొలవాలి. చైను సమంగా సాగదు, వదులు చోట చూసి బిగిస్తే బిగుతు చోట తీగలా లాగుతుంది. దూర ప్రయాణమని మరీ బిగించేవాళ్లున్నారు. వెనక మనిషి, సామాను ఎక్కితే చైను ఇంకా బిగుసుకుంటుంది, గేర్‌బాక్సు బేరింగు దెబ్బతింటుంది. కాస్త వదులు ఉన్నా పర్లేదు, బిగుతు మాత్రం వద్దు. రెండువైపులా అడ్జస్టరు గీతలు సమానంగా ఉన్నాయో చూసుకోండి, వెనక డ్రమ్ము బ్రేకయితే చైను బిగించాక బ్రేకు రాడ్డు కూడా సరిచేయాలి.

వెనక స్ప్రాకెట్ మీద చైనును వెనక్కి లాగి చూడండి. పన్ను సగం దాకా బయటపడితే చైను ఒక్కటి కాదు, రెండు స్ప్రాకెట్లతో సెట్టంతా మార్చాలి. అరిగిన పళ్ల మీద కొత్త చైను నాలుగు నెలలు కూడా నిలవదు.

బ్యాటరీ, స్టార్టింగు

చలిలో బ్యాటరీ శక్తి తగ్గుతుంది, అదే సమయంలో చిక్కబడిన ఆయిల్లో ఇంజను తిరగడానికి ఎక్కువ శక్తి కావాలి. రాత్రంతా నిలిపిన బండికి మల్టీమీటరు పెడితే 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అయితే చార్జి పెట్టండి. 12.2 అంటే సగమే ఉంది. స్టార్టు చేసి కాస్త రేజ్ చేస్తే 13.5 నుంచి 14.5 మధ్య చూపాలి, పెరగకపోతే లోపం బ్యాటరీది కాదు, చార్జింగుది. మూడేళ్లు దాటిన బ్యాటరీని ఊటీ ప్రయాణానికి ముందే మార్చడం మేలు, ముఖ్యంగా కిక్కు లేని బండ్లకు.

కార్బురేటరు బండ్లకు చోక్ పూర్తిగా లాగి, యాక్సిలరేటరు ముట్టుకోకుండా కిక్కు కొట్టాలి. చోక్ వేసి యాక్సిలరేటరు తిప్పితే చోక్ పనిచేయదు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బండ్లలో దాదాపు అన్నీ ఇంజెక్షనువే, చోక్ ఉండదు. తాళం తిప్పి పంపు శబ్దం ఆగేదాకా రెండు మూడు సెకన్లు ఆగి సెల్ఫ్ నొక్కండి. ఐదు సెకన్లు నొక్కినా రాకపోతే పది సెకన్లు ఆగి మళ్లీ. బర్రుమని అదేపనిగా నొక్కితే ఉన్న చార్జీ పోతుంది. స్టార్టయ్యాక పది నిమిషాలు నిలబెట్టి వేడిచేయాల్సిన పనీ లేదు. అర నిమిషం ఆగి, మొదటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా పోనిస్తే చాలు.

టైర్లు: నైట్రోజనా, మామూలు గాలా?

టైరు గాలి ప్రతి ఐదారు డిగ్రీల చలికి సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. మధ్యాహ్నం 30 డిగ్రీల్లో పట్టించిన గాలి అదే చోట పొద్దున 14 డిగ్రీలకు రెండు, మూడు పీఎస్ఐ తగ్గి ఉంటుంది. బండి మలుపులో బరువుగా తిరుగుతున్నట్టుంటే అదే కారణం. నైట్రోజన్ కూడా చలికి అలాగే తగ్గుతుంది, దానికి విడిగా డబ్బివ్వక్కర్లేదు. చిన్న గేజీ ఒకటి కొనుక్కుని పొద్దున బండి కదలకముందే కొలవడం నైట్రోజన్ కన్నా ఎక్కువ ఉపయోగం. వెనక మనిషి ఉంటే స్టిక్కరు మీద రెండో అంకె చూడండి.

ట్యూబ్‌లెస్ వాళ్లు పంచరు స్ట్రిప్పులు, రీమరు (రంధ్రం సాపు చేసే ఊచ), పంపు పెట్టుకుంటే మొగిలి ఘాటులో తెల్లవారుజామున నాలుగింటికి కూడా సొంతంగా బయటపడొచ్చు. స్పోకు చక్రాల ట్యూబు టైర్లవాళ్లు ట్యూబు, రెండు టైరు లివర్లు, యాక్సిల్ నట్టుకు సరిపోయే స్పానరు తీసుకెళ్లాలి. బండితో వచ్చిన టూల్ కిట్టులో ఆ స్పానరు ఉందో లేదో ఇంట్లోనే చూడండి. టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండు తయారైన వారం, చివరి రెండు సంవత్సరం. ఐదేళ్లు దాటిన టైరుకు గాట్లు ఎంత ఉన్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది, చల్లటి తడి రోడ్డు మీద అది జారుతుంది.

పొగమంచులో లైటు

తెల్లటి ఎల్ఈడీ పొగమంచులో ఎదురుగా తెల్ల గోడ కట్టేస్తుంది. హై బీమ్ వేస్తే ఇంకా అన్యాయం. లో బీమ్ వేసి రోడ్డు ఎడమ అంచు తెల్లగీతను చూసుకుంటూ పోవాలి. అదనంగా లైట్లు పెట్టించాలనుకుంటే పసుపు రంగువి, హెడ్‌లైటు కన్నా కింద బిగించినవి ఎంచుకోండి. ఎత్తుగా హ్యాండిల్ మీద పెట్టించినవి మంచులో కళ్లకే కొడతాయి. మన వైపు చలికాలమంటే చెరకు కాలం. వెనక లైటు లేని చెరకు ట్రాక్టర్లు, ట్రాలీ వెడల్పు దాటి బయటికి వేలాడే గడలతో చిత్తూరు చుట్టుపక్కల రోడ్ల మీద ఉంటాయి. మీ లైటు వెలుగు అందే దూరంలో ఆగగలిగే వేగమే అక్కడ వేగం. పలమనేరు, కుప్పం మధ్య కౌండిన్య అడవి పక్కన చీకట్లో బండి నడపకపోవడమే తెలివి, ఏనుగులు రోడ్డు దాటుతుంటాయి.

వెనక కూర్చునేవాళ్లు

నడిపేవాళ్లు గాలిని ఆపుతారు కాబట్టి వెనకవాళ్లకు చలి ఉండదనుకోవడం పొరపాటు. నడిపే మనిషి చేతులూ కాళ్లూ ఆడిస్తూ ఉంటాడు, వెనక మనిషి కదలకుండా కూర్చుంటుంది. మోకాళ్లు, పాదాలు గాలికే ఉంటాయి. చీర మీద శాలువా కప్పుకుని, చెప్పులతో బయల్దేరే అమ్మకో అక్కకో ముందుగా కావాల్సింది రైన్‌కోటు ప్యాంటు, సాక్సులు, బూట్లు. శాలువా కొస, చెంగు రెండూ జాకెట్ లోపలికి పోవాలి, చీర గార్డు ఊడి ఉంటే బిగించాలి. వణుకు మొదలైనా, మాట తడబడినా, అడిగినదానికి ఆలస్యంగా జవాబిచ్చినా వెంటనే ఆపి వెచ్చని చోట కూర్చోబెట్టి, తియ్యటి టీ ఇవ్వండి. ఒక పెగ్గు వేస్తే వెచ్చగా ఉంటుందన్నది అబద్ధం. చర్మం దగ్గర రక్తనాళాలు విప్పారి ఒంట్లో వేడి ఇంకా త్వరగా బయటికి పోతుంది.

నాలుగింటికా, ఆరున్నరకా?

ఎండ పడకముందే పోవాలని మూడింటికీ నాలుగింటికీ బయల్దేరడం ఎండాకాలపు అలవాటు. చలికాలంలో అది తలకిందులు. రాత్రంతా నేల చల్లబడుతూ పోయి, సూర్యోదయం వేళకు చలి అడుగుకు చేరుతుంది. చెరువుల పక్కన, పల్లపు చోట పొగమంచు కూడా అప్పుడే దట్టం. నాలుగింటికి తిరుపతిలో బయల్దేరినవాళ్లు సరిగ్గా ఆ వేళకు పీఠభూమి మీద ఉంటారు. ఆరున్నరకు బయల్దేరితే ఘాటు ఎక్కేసరికి ఎండ వస్తుంది, మొగిలి దాటేసరికి మంచు విచ్చుకుంటుంది, గంటకోసారి టీకి ఆగినా తిరుపతి నుంచి బెంగుళూరుకు ఉన్న 250 కిలోమీటర్లు మధ్యాహ్నం భోజనం వేళకు అయిపోతాయి. ఊటీ పోయేవాళ్లు మాత్రం సాయంత్రం నాలుగులోపు కొండ ఎక్కేలా లెక్క వేసుకుని, కావాలంటే ముందురోజే బయల్దేరి సేలంలో రాత్రి ఆగాలి.